తిరగేసిన మేజోళ్లు

“కడుపు మీద నొక్కాను. నోట్లోంచీ ముక్కులోంచీ నీళ్లొచ్చాయి. ఊపిరి మాత్రం రాలేదు. ఇంకెన్నిసార్లు చెప్పాలి మేడమ్? నిన్నట్నుంచీ అరిగిపోయిన రికార్డులా ఇదే చెప్తున్నాను.”

జాలరి డిటెక్టివ్ మొహంలోకి చూడలేదు. పడవను చక్రాల బండి మీదికి ఎక్కించి తాళ్లు బిగిస్తున్నాడు. కొండ చెరువులో తేలిన శవాన్ని నిన్న తెల్లవారుతూనే మొదట చూసిందీ, రేవు దాకా లాక్కొచ్చిందీ అతనే.

“నొక్కింది ఒడ్డు మీదా, మెట్ల మీదా?”

“మెట్ల మీదే. పైదాకా మోసుకెళ్లే టైము ఎక్కడిది? నడుం దాకా నీళ్లలో నిలబడి, తల కిందికి వంచి నొక్కాను. ప్రాణం ఏ మూలైనా ఉందేమోనని.” తాడుకి ఇంకో ముడి వేశాడు. “మంచివాడా చెడ్డవాడా అని అడిగి కాపాడతామా ఎవర్నైనా?”

“చెడ్డవాడా?”

“నేనలా అన్నానా?”

“అనలేదు. అందుకే అడుగుతున్నాను.”

“మా నాన్ననడగండి. గేటు దగ్గర ఏం జరుగుతుందో నాకంటే ఆయనకే బాగా తెలుసు. నన్నొదిలేయండి. మీరూ పోలీసులూ కలిసి చెరువు మూయించారు. మా ఇంట్లో పొయ్యి మూయించలేరుగా! ఇన్‌స్పెక్టర్ గారు పర్మిషన్ ఇచ్చారు, పడవ తూర్పు చెరువుకి తీసుకెళ్తున్నాను.”

అతను టార్పాలిన్ పట్టాను విసురుగా పడవ మీద కప్పాడు. దాని అంచు నుంచి నీటి చుక్కలు డిటెక్టివ్ చీర కుచ్చిళ్ల మీద పడ్డాయి. చూసుకోలేదన్నట్టే నటించాడు. ఆమె కూడా పట్టించుకోలేదన్నట్టే నటించింది.

పోలీసు స్టేషన్లో ఆమెను ‘సూది’ అంటారు. ఎదురుగా అనరు. యాభై దాటిన మనిషి. పొద్దున్నే దీపం వెలిగించి, మొగుడికి క్యారియర్ సర్ది, ఆ తరవాతే హత్యల సంగతి చూస్తుంది. ఈ కేసులో ఆమెను పెట్టుకున్నది చనిపోయినతని భార్య. మొగుడు చెరువులో శవమై తేలాడు. చంపాడని పోలీసులు పట్టుకుపోయింది ఎవరినో కాదు, ఆవిడ సొంత తమ్ముణ్ని. సాయంత్రం నాలుగు గంటలకు అతన్ని కోర్టులో హాజరుపరుస్తారు. ఆ తరవాత పోలీసుల దృష్టిలో ఫైలు మూసినట్టే. మూసిన ఫైలు తెరిపించడం కన్నా మూసిన కళ్లు తెరిపించడం తేలిక.

ఇప్పుడు పన్నెండు దాటింది.

చనిపోయినతను గేటాఫీసరు. ఆ గేటు ఎందుకుందో తెలియకపోతే ఈ చావు అర్థం కాదు. కొండ దిగువన పెద్ద చెరువు ఉంది. కొన్నేళ్ల కిందట ఎవరి పడవ అడుగునో అంటుకుని అందులోకి చారల చిప్పలు వచ్చాయి. గోరంత ఆల్చిప్పలు, ఈ నేలవి కావు, వీటిని తినే చేప ఇక్కడ లేదు. మొదట నీళ్లు అద్దంలా తేటపడితే జనం మురిసిపోయారు. చేపపిల్లలు తినాల్సిన సూక్ష్మమైన తిండినంతా చిప్పలు తాగేయబట్టే ఆ తేట వచ్చిందని ఆలస్యంగా తెలిసింది. చేపలు పోయాయి. పంపుల గొట్టాలు పూడిపోయాయి, మోటార్లు కాలిపోయాయి, ఊళ్లో నీటి పన్ను పెరిగింది. కాలు పెడితే కోసుకుపోతుందని పిల్లలు ఈత మానేశారు. జాలర్లంతా కొండెక్కి పైనున్న ఈ కొండ చెరువును నమ్ముకున్నారు. ఊరు తాగేది కూడా ఇప్పుడు ఆ పై చెరువు నీళ్లే.

చిప్ప పిల్లలు కంటికి కనిపించవు. తడి తాడు చాలు, అవి కొండెక్కడానికి. అందుకే మధ్యలో గేటు. కిందినుంచి వచ్చే ప్రతి పడవనూ షెడ్డులో మరిగే నీళ్లతో కడిగి, ఆరబెట్టి, బండికీ పడవకీ కలిపి తీగ సీలు వెయ్యాలి. సీలు లేని పడవ పై చెరువులో దిగకూడదు. ఆ సీలు వేసే చెయ్యి గేటాఫీసరుది.

*

షెడ్డు బయట బల్ల మీద అతని భార్య కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎండిపోయాయి.

“అక్కా, వాడు నోటి దురుసుగాడే. కాదనను. బావని చంపేంత పాపిష్టోడు కాదు.”

“ముందురోజు గేటు దగ్గర మీ ఆయనతో గొడవపడ్డాడట?”

“పడ్డాడు. వాడి పడవకి సీలు వెయ్యనన్నారు ఈయన, సరిగ్గా ఆరలేదని. షికారు పడవల వాళ్లకి కడక్కుండానే వేస్తున్నావుగా, బయటివాళ్లకో న్యాయం బావమరిదికో న్యాయమా అని నలుగురిలో అరిచాడు.” ఆవిడ ఆగింది. “అది నిజమేనా అక్కా? ఈయన అలా వేసేవారా?”

డిటెక్టివ్ సంచిలోంచి ఫొటో తీసింది. శవం పాదాల ఫొటో. బూట్లు విప్పాక తీసింది.

“చూడలేనంటే వద్దమ్మా. ఒక్కటే అడుగుతాను. ఈ మేజోళ్లు మీ ఆయనవేనా?”

ఆవిడ పళ్లబిగువున చూసింది. “ఆయనవే. కుడికాలిది బొటనవేలి దగ్గర చిరిగితే నేనే కుట్టాను. ముడి లోపలుంటే వేలికి గుచ్చుకుంటుందని పైకే వేశాను.” మళ్లీ చూసింది. “ముడేది?”

“అదే నేనూ వెతికాను. లోపలుంది. ఎడమదానికి నూలు పోగులు పైకున్నాయి. రెండూ తిరగేసి తొడిగి ఉన్నాయి.”

“మడత నలిగినా ఊరుకునేవారు కాదు. ఆయన అలా తొడుక్కోరు.”

“అవునమ్మా. ఆయన తొడుక్కోలేదు.”

*

షెడ్డుకు నిన్న ఉదయం నుంచీ పోలీసు తాళం. డిటెక్టివ్ కోర్టు అనుమతి తెచ్చుకుంది కాబట్టి కానిస్టేబుల్ తలుపు తీశాడు, వెనకే నిలబడ్డాడు. లోపల తడి రబ్బరు వాసన. మూల నీళ్లు మరిగించే పెద్ద బాయిలరు, దానికి చుట్టలు చుట్టిన గొట్టం. గోడ మీద అరచేయంత అక్షరాలతో బోర్డు: జేబులు తిరగెయ్యాలి. ప్యాంటు మడతలు విప్పాలి. మేజోళ్లు తిరగెయ్యాలి. బూటు అడుగులు బ్రష్షుతో తోమాలి. తోలు వస్తువులు వేడినీటిలో ముంచరాదు, బీరువాలో ఆరబెట్టాలి.

ఆమె బోర్డు చదివింది, బీరువా వైపు తిరిగింది. జల్లెడ తలుపుల ఇనప బీరువా. లోపల వేడికి పెట్టిన బల్బు వెలుగుతూనే ఉంది. చేతితొడుగులు, బెల్టులు, లైఫ్ జాకెట్లు వరసగా వేలాడుతున్నాయి. కింది అరలో, ఎవరిదో పాత టోపీ వెనక…

ఆమె చెయ్యి చాచబోయి ఆపుకుంది.

“బాబూ, మీ ఇన్‌స్పెక్టర్ గారిని పిలవండి. నేను దేన్నీ ముట్టుకోలేదని మీరే సాక్షి.”

ఇన్‌స్పెక్టర్ బయటే ఉన్నాడు. అడుగు పెడుతూనే మొదలెట్టాడు.

“ఏమ్మా, సోదె అయిందా? నాలుగింటికి నాకు కోర్టు ఉంది.”

“అంతకంటే ముందే తేలిపోతుంది లెండి. దొంగతనం కోసం చంపాడన్నారు?”

“జేబులన్నీ బయటికి లాగి ఉన్నాయి. పర్సు లేదు. ఇంట్లో మనిషే, గొడవపడ్డవాడే. ఇంతకంటే ఏం కావాలి? దొంగ వచ్చి సంతకం పెట్టి వెళ్లాలా?”

“చేతి గడియారం ఎందుకు వదిలేశాడు?”

“భయపడి ఉంటాడు.”

“భయపడ్డ దొంగ ప్యాంటు మడతలు విప్పుతాడా? మేజోళ్లు విప్పి, తిరగేసి, మళ్లీ తొడిగి, బూటు తాళ్లు ముడేసి వెళ్తాడా? బూటు అడుగున ఇసకరేణువు లేదు. కుట్ల మధ్య కూడా తోమారు.”

“చెరువులో నానితే శుభ్రం కావా?”

“చీలమండల దగ్గర చర్మం ఊడింది. ఎర్రబడలేదు. ప్రాణం పోయాక వేడినీళ్లు పడితే అలా అవుతుందని మీ డాక్టరే చెప్పారు.”

“డాక్టరు నాకు చెప్పనివి నీకు చెప్తాడేం?”

“మీరు అడగలేదు.”

కానిస్టేబుల్ దగ్గు వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి.

“చూడమ్మా, కిందటిసారి నగల కేసులో నా పరువు తీశావు. మర్చిపోలేదు. ఈసారి సాక్ష్యాల జోలికొచ్చావంటే నిన్నూ లోపలేస్తాను.”

“అలాగే వెయ్యండి. ముందు ఆ టోపీ పక్కకి జరపమనండి.”

కానిస్టేబుల్ టోపీ తీశాడు. దాని వెనక తోలు పర్సు ఉంది. అరలు విచ్చుకుని ఉండేలా మధ్యలో పుల్లలు పెట్టి, విసనకర్రలా నిలబెట్టి ఉంది. లోపల నోట్లు, గేటాఫీసరు గుర్తింపు కార్డు, భార్య ఫొటో. అన్నీ ఉన్నాయి. అన్నీ ఆరి కరకరలాడుతున్నాయి.

ఇన్‌స్పెక్టర్ వంగి పర్సును దగ్గరగా చూశాడు.

“నువ్వే పెట్టించావు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ చివరికి. గొంతులో ఊపు లేదు.

“తాళం మీది, కాపలా మీది. పెట్టిన మనిషి మళ్లీ వచ్చి తీసుకోలేకపోయింది కూడా అందుకే. ఇన్‌స్పెక్టర్ గారూ, ఇక్కడ దోచుకోలేదు. కడిగారు. కింద పెద్ద చెరువు నీళ్లలో చనిపోయిన మనిషిని బోర్డు మీదున్న పద్ధతి ప్రకారం తల నుంచి కాలిదాకా కడిగి, అప్పుడు పై చెరువులో వేశారు. తోలు పర్సుని వేడినీళ్లలో ముంచకూడదు, కడగకుండా చెరువులో పారెయ్యడానికి చెయ్యి రాలేదు. తడిగా పూడిస్తే వానకి కొట్టుకొచ్చి చెరువులోనే పడుతుంది. అందుకని ఆరబెట్టారు. ఈ పద్ధతి ఒంట్లో జీర్ణించుకుపోయినవాడి పని ఇది. మీరు పట్టుకున్న కుర్రాడు తన పడవ ఆరబెట్టడానికే గొడవపెట్టుకున్నవాడు.”

“షెడ్డు తాళంచెవులు మూడే. ఒకటి శవం నడుముకే ఉంది. ఒకటి ఆఫీసు బీరువాలో.”

“మూడోది?”

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోకి చూశాడు. అక్కడ డిటెక్టివ్ పిలిపించిన మేస్త్రీ నిలబడి ఉన్నాడు.

*

మేస్త్రీ కింది పంపుహౌసులో గొట్టాలకు పట్టిన చిప్పలు గీకించే మనిషి. సాయంత్రాలు ఈ షెడ్డులో పడవలు కడిగిస్తాడు. ఇందాక రేవులో మాట్లాడిన జాలరి తండ్రి. వేళ్ల నిండా చిప్పలు కోసిన పాత గాట్లు.

“పిలిచారట,” అన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మొన్న సాయంత్రం గేటాఫీసరుని కలిశారా మేస్త్రీ గారూ?”

“లేదు.”

“పంపుహౌసుకి రమ్మనలేదా?”

“ఎందుకు రమ్మంటాను? నా గొట్టాలు ఆయనేమైనా గీకుతాడా?”

“కడగని పడవలకి సీలు వేస్తున్నాడని బావమరిది అరిచినప్పుడు మీరు అక్కడే ఉన్నారట.”

“చాలామంది ఉన్నారు. అరిచినవాణ్ని పట్టుకున్నారుగా, ఇంకెందుకు నన్ను తింటారు?”

“ఆ అరిచినవాడు సాయంత్రానికి జైలుకి పోతాడు. వాళ్లక్క బయట కూర్చుంది. లోపలికొచ్చేటప్పుడు ఆవిడని చూశారా?”

మేస్త్రీ చూపు క్షణంసేపు తలుపు వైపు పోయి వచ్చింది. “చూశాను.”

“ఈ పర్సు చూశారా?”

“కనబడుతూనే ఉంది. ఎవరైనా పెట్టుండొచ్చు. కంచే చేను మేస్తే ఒక్కడికా కడుపుమండేది? జాలర్లందరికీ మండింది. వెళ్లి అందర్నీ అడగండి. ఆడమనిషివని మర్యాదగా చెప్తున్నాను.”

ఇన్‌స్పెక్టర్‌కు హుషారొచ్చింది. “విన్నావా? పుల్లలు పెట్టిన పర్సు చూపించి జడ్జిగారి చేత ఉరి వేయించలేవు.”

అతను చెప్పింది నిజమే. డిటెక్టివ్‌కూ తెలుసు. చేతిలో ఉన్నది పద్ధతి, తాళంచెవి. మనిషి కాదు. గోడ గడియారం రెండున్నర దాటింది. ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. చెప్పబోయే మాట చెప్పడం ధర్మమేనా అని ఒక్క క్షణం ఆగింది. బయట బల్ల మీద కూర్చున్న మనిషి గుర్తొచ్చింది.

“మేస్త్రీ గారూ, మీరు కడిగినంత శుభ్రంగా నేను దేవుడి గిన్నెలు కూడా కడగను. బూట్లు తోమారు. మడతలు విప్పారు. జుట్టు కూడా దువ్వి కడిగారు కదూ? మనిషిని చంపిన చేతులే చెరువుని కాపాడాలని చూశాయి. కానీ ఒక్కచోటు కడగలేకపోయారు.”

మేస్త్రీ పెదవులు కదిలాయి. మనసులో బోర్డు చదువుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది. జేబులు, మడతలు, మేజోళ్లు, బూట్లు.

“ఏ చోటు?” అన్నాడు.

“ఊపిరితిత్తులు. మునిగినవాడు నీళ్లు మింగుతాడు, పీలుస్తాడు. అవి పెద్ద చెరువు నీళ్లు. డాక్టరు వాటిని మైక్రోస్కోపు కింద పెట్టారు.”

డాక్టరు ఇంకా పెట్టలేదో, పెట్టి చూశాడో ఆమెకు తెలియదు. ఫోను మాత్రం ఇంకా రాలేదు.

మేస్త్రీ గోడను పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్‌ను చూడలేదు, కానిస్టేబుల్ నడుముకున్న సంకెళ్లనూ చూడలేదు. డిటెక్టివ్ చెయ్యి పట్టుకోబోయి, తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“నోరు మూసుందా అమ్మా? పైకి తీసినప్పుడు నోరు మూసే ఉందా? నేను గుడ్డ కట్టాల్సింది. ఆ తొందర్లో తట్టలేదు. ఒక్కరాత్రే కదా ఉన్నాడు నీళ్లలో. నోరు మూసుంటే బయటికి రావు కదా?”

కానిస్టేబుల్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఇన్‌స్పెక్టర్ మొదట తేరుకుని అతని భుజం పట్టుకున్నాడు.

“అంటే నువ్వే!”

“నేనే. ఆ కుర్రాణ్ని వదిలెయ్యండి.” అతని మాటలు గబగబా వచ్చాయి, బరువు దించుకుంటున్నట్టు. “గొట్టం చూపిద్దామని పంపుహౌసుకి పిలిచాను. చూడు నాయనా, మోచెయ్యంత గొట్టం వేలంత అయిపోయింది, రేపు పైన కూడా ఇదే గతి అన్నాను. నవ్వాడు. ఎప్పటికైనా వచ్చేవే కదా మేస్త్రీ, ఆ వచ్చేలోపు మనం నాలుగు రాళ్లు వెనకేసుకుంటే తప్పేంటి అన్నాడు. మెడ పట్టుకున్నాను. పంపు లాగే నీళ్ల గోతిలోకి వంచాను. చంపాలని కాదు, ఆ నీళ్లు రుచి చూపిద్దామని. వదిలేసరికి లేడు. అక్కడే వదిలేస్తే పంపుహౌసు తాళంచెవీ నాదే, గొయ్యీ నాదే, దొరికిపోతాను. అందుకని పైకి తెచ్చాను. అమ్మా, అది చెప్పండి ముందు. నోరు మూసుందా?”

రేవులో జాలరి చెప్పిన మాటలు డిటెక్టివ్ చెవుల్లో ఉన్నాయి. ఈ జవాబు తన నోటితో చెప్పకూడదనుకుంది.

ఇన్‌స్పెక్టర్‌కు ఆ అక్కర లేదు. “నోరు మూసుంటే నీ కొడుకు అన్నేసి నీళ్లు ఎలా కక్కించాడయ్యా? మెట్ల మీదే తలకిందులు చేసి, చెరువులోకే…”

మాట మధ్యలో ఆగిపోయాడు. అతనికి కూడా అప్పుడే అర్థమైంది.

మేస్త్రీ నేల మీద కూలబడ్డాడు. ఏడవలేదు. “వాడా?” అన్నాడు. “నా చేత్తో నేను కడిగాను. నా కొడుకు చేత్తో…”

డిటెక్టివ్ సంచిలో ఫోను మోగింది. డాక్టరు. రెండు మాటలే చెప్పాడు. ఊపిరితిత్తుల నీళ్లలో చిప్ప పిల్లలున్నాయి. ప్రాణంతో కదులుతున్నాయి.

దేవుడు అన్నీ చూస్తాడని ఆమె నమ్మకం. కంటికి కనిపించనంత చిన్నవాటిని కూడా చూస్తాడా? చూసి, మంచి చేసినవాడి చేతుల్లోంచే ఎందుకు జారనిస్తాడు? జవాబు వెతికే తీరిక లేదు. ఇంకేదో గుర్తుకు రావాలి. చీర కుచ్చిళ్ల మీద, ఇందాక రేవులో పడ్డ నీటి చుక్కల చోట, మరక ఆరి గట్టిపడింది. పడవ. టార్పాలిన్ పట్టా. తాళ్లు.

“ఇన్‌స్పెక్టర్ గారూ, తూర్పు చెరువుకి పర్మిషన్ ఇచ్చారే, పడవ కడిగించే ఇచ్చారా?”

“కడగడమెందుకు? పై చెరువు శుభ్రమైందే కదా!” అన్నాడతను. తరవాత, చాలా నెమ్మదిగా, “షెడ్డుకి తాళం కూడా నేనే వేయించాను,” అన్నాడు.

“తూర్పు చెరువుకి చిప్పలింకా చేరలేదు. దాని కింద ఎన్ని ఊళ్లున్నాయి?”

అతను జీపు వైపు పరిగెత్తాడు. మొట్టమొదటిసారి ఇద్దరూ ఒకే వైపు పరిగెత్తారు. బల్ల మీదినుంచి లేచి నిలబడ్డ గేటాఫీసరు భార్యతో డిటెక్టివ్, “మీ తమ్ముడు ఇంటికొస్తాడమ్మా,” అని మాత్రం అనగలిగింది.

రేవు ఖాళీగా ఉంది. ఎండకు తెల్లబడ్డ రోడ్డు మీద బండి చక్రాల బురద చారలు రెండు తూర్పుకు తిరిగి ఉన్నాయి. మధ్యలో, పడవ అడుగునుంచి కారిన నీళ్ల మరకలు చుక్కలు చుక్కలుగా, మలుపు దాకా.